ఇండీ రాక్ ఆల్బమ్ బాగా రికార్డ్ అయితే అది చెవిని ఎందుకు వదలదు

ఒక రాక్ ఆల్బమ్‌ని ఎంత శ్రద్ధగా రికార్డ్ చేశారో తెలియాలంటే పాట మొత్తం వినక్కర్లేదు, డ్రమ్మర్ రెండు స్టిక్స్ కొట్టుకుంటూ ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టే ఆ రెండు సెకన్లు చాలు. ఆ టిక్ టిక్ వెనకాల గది వినిపిస్తుంది, అది పెద్దదా చిన్నదా, గోడలు గట్టివా మెత్తవా, మైకులు దగ్గరగా పెట్టారా దూరంగా పెట్టారా, అన్నీ. చాలా ఆల్బమ్స్‌లో ఆ రెండు సెకన్లు కత్తిరించేస్తారు, అందులో తప్పేం లేదు. కానీ ఇండిపెండెంట్ (ఇండీ) రికార్డుల్లో మాత్రం అది తరచుగా అలాగే ఉండిపోతుంది, ఎవరో కూర్చుని విని, ఇది ఉండాల్సిందే అనుకున్నారు కాబట్టి. బాగా ప్రొడ్యూస్ చేసిన ఇండీ ఆల్బమ్ మీద జనానికి అంత ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది అంటే అసలు సంగతి ఇక్కడే ఉంది, ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం పదిమంది చేతుల్లో పడి పలచబడకుండా నేరుగా మన చెవిదాకా వచ్చేస్తుంది.

ఇండీ రాక్ అనగానే చాలామందికి గ్యారేజ్, చవక మైకు, గరగరలాడే గిటారు గుర్తొస్తాయి. ప్రొడక్షన్ అనగానే దానికి పూర్తిగా వ్యతిరేకమైనది, ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి నున్నటి సౌండ్ గుర్తొస్తుంది. అందుకే బాగా ప్రొడ్యూస్ చేసిన ఇండీ ఆల్బమ్ అంటే డబ్బు చేతికొచ్చాక బ్యాండ్ కాస్త మెత్తబడి చేసిన రికార్డ్ అనుకుంటారు. రెండూ సగం నిజాలే. ఇండిపెండెంట్ అనే మాట అసలు సౌండ్ గురించి కాదు, రికార్డ్ ఎవరి చేతిలో ఉంది, పెద్ద కార్పొరేట్ లేబుల్ (రికార్డ్ కంపెనీ) డబ్బు లేకుండా ఎవరు బయటికి తెచ్చారు అనే దాని గురించి. ఆర్కేడ్ ఫైర్ అనే బ్యాండ్ 2010లో తెచ్చిన ద సబర్బ్స్ ఆల్బమ్‌లో తీగవాయిద్యాలు, సింథ్స్, రెండు రెండు గిటార్లు అన్నీ నిండుగా ఉంటాయి, అమెరికాలో దాన్ని రిలీజ్ చేసింది మెర్జ్ అనే ఇండిపెండెంట్ లేబుల్, 2011లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ దానికే వచ్చింది. మరి ప్రొడక్షన్ అంటే ఏంటి అంటే, పాటకి ఏది కావాలో అది వినపడేలా చేయడం, మిగతాది పక్కకి జరపడం, అంతే. ఆ కావాల్సింది గరగర అయితే గరగరే వినపడాలి.

డబ్బుతో దీనికి ఎంత తక్కువ సంబంధమో చూడాలంటే మూడు రికార్డుల్ని పక్కపక్కన పెట్టి వినాలి. నిర్వాణా మొదటి ఆల్బమ్ బ్లీచ్ 1989లో సబ్ పాప్ లేబుల్ మీద వచ్చింది, సియాటిల్‌లో జాక్ ఎండినో ఎనిమిది ట్రాక్‌ల (ఒక్కో శబ్దాన్ని విడిగా పట్టే వరుసల) టేప్ మెషీన్ మీద రికార్డ్ చేశాడు, ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు, ఆల్బమ్ కవర్ మీదే 600 డాలర్లు అని అచ్చేశారు. స్లింట్ అనే బ్యాండ్ చేసిన స్పైడర్‌ల్యాండ్ 1991లో టచ్ అండ్ గో నుంచి వచ్చింది, రికార్డింగ్ అంతా నాలుగు రోజులు. అదే 1991లో మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్ చేసిన లవ్‌లెస్ క్రియేషన్ రికార్డ్స్ నుంచి వచ్చింది, దానికి దాదాపు రెండేళ్లు పట్టింది, బ్యాండ్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ ఒక స్టూడియో నచ్చక ఇంకోటి, అది నచ్చక మరోటి అంటూ పదిహేనుకి పైగా స్టూడియోలు మార్చాడు. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలవు, కానీ మూడూ ఇప్పటికీ విన్నవాళ్లని పట్టుకుని కూర్చోబెడతాయి. నాలుగు రోజుల్లో చేసినా స్పైడర్‌ల్యాండ్ తొందర తొందరగా చుట్టేసినట్టు ఎక్కడా అనిపించదు, ఎందుకంటే ఆ కుర్రాళ్లు స్టూడియోకి వెళ్లేముందు నెలల తరబడి ఆ పాటల్ని వాయించి వాయించి అరగదీశారు, రికార్డింగ్‌కి మిగిలిన పని వాళ్లు వాయించేది ఉన్నదున్నట్టు పట్టుకోవడం ఒక్కటే, మాట్లాడుతున్నంత నెమ్మదిగా ఉన్న గొంతు, దాని పక్కన రెండు గిటార్ తీగల మోత, కాసేపటికి ఒక్కసారిగా మీదపడే గోల, ఆ ఎత్తుపల్లాల్ని ఎవరూ చదును చేయలేదు. లవ్‌లెస్‌లో పని పూర్తిగా వేరే. అక్కడ గిటారే ఒక వాతావరణంలా మారిపోయింది, షీల్డ్స్ తీగలు మీటేటప్పుడు ట్రెమొలో ఆర్మ్‌ని (శ్రుతిని ఊపే కడ్డీని) వదలకుండా చేత్తోనే పట్టుకుని ఊపుతూ ఉంటాడు, దాంతో ప్రతి కార్డ్ శ్రుతికి కాస్త పైకీ కిందకీ తేలుతూ ఉంటుంది. వందల గిటార్లు పేర్చారేమో అనిపిస్తుంది గానీ అందులో చాలా భాగం ఆ చేతి ఊపు, ఆంప్ (యాంప్లిఫయర్), మైకు నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, ఇండీ అంటే బ్యాండ్‌కి నచ్చినట్టు బ్యాండ్ చేసుకోవడమే కదా, మధ్యలో ప్రొడ్యూసర్ ఎందుకు అని. దీనికి జాయ్ డివిజన్ అనే బ్యాండ్ కథ చూడాలి. 1979లో మాంచెస్టర్ లేబుల్ ఫ్యాక్టరీ నుంచి అన్‌నోన్ ప్లెజర్స్ వచ్చింది, స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోస్‌లో మార్టిన్ హానెట్ ప్రొడ్యూస్ చేశాడు. స్టేజ్ మీద ఆ బ్యాండ్ గట్టిగా, కోపంగా, మీదమీదకి వచ్చేలా వాయించేది. హానెట్ దాన్ని విప్పేశాడు, డ్రమ్స్‌ని ముక్కలు ముక్కలుగా విడదీసి, డిజిటల్ డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే పరికరం) వాడి ఒక్కో దెబ్బకీ చుట్టూ ఖాళీ చల్లటి చోటు పెట్టాడు, గిటార్‌ని వెనక్కి నెట్టాడు, బాస్‌ని పైకి తెచ్చి పాట రాగం మొత్తం దాని చేతికి ఇచ్చాడు. ఆల్బమ్ విన్నాక బ్యాండ్‌లో పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ ఇద్దరికీ అది నచ్చలేదు, మా జోరు ఏది అన్నట్టే మాట్లాడారు, తర్వాత చాలా ఏళ్లకి గానీ హుక్ ఆ పనిలోని గొప్పతనాన్ని ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ రికార్డ్ వింటే ఖాళీ గోదాములో ఒక మనిషి దూరంగా నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది, ఆ దూరమే ఆ పాటల అర్థంలో సగం. అంటే ఇండీ రికార్డ్‌కి బలం ఎప్పుడూ బ్యాండ్ మాటే నెగ్గడంలో లేదు, ఎవరో ఒక్కరి మాట పూర్తిగా నెగ్గడంలో ఉంది. రేడియోలో ఆడదేమో, దీనికి సింగిల్ ఏది, కోరస్ ముందుకు తేవాలి అంటూ పైనుంచి సలహాలిచ్చే మనుషులు అక్కడ చాలా తక్కువ, అందుకే హానెట్ పిచ్చి పిచ్చిగానే చివరిదాకా సాగింది.

దీనికి సరిగ్గా ఎదురు కొసలో రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ ఉంటాడు. తనని ప్రొడ్యూసర్ అనొద్దు, రికార్డ్ చేశాడు అని మాత్రం రాయండి అనేవాడు, ఫీజు ఒకేసారి తీసుకునేవాడు, అమ్మకాల మీద రాయల్టీ తీసుకోవడం బ్యాండ్‌ని దోచుకోవడమే అని గట్టిగా వాదించేవాడు, 2024లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. 1988లో 4ఏడీ లేబుల్ మీద వచ్చిన పిక్సీస్ ఆల్బమ్ సర్ఫర్ రోసాలో డ్రమ్స్ వింటే అతని పని ఏంటో అర్థమవుతుంది. స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద దెబ్బ పడగానే ముందు కర్ర తోలుని తాకిన శబ్దం, ఆ వెంటనే గది మొత్తం ఒక్కసారి దగ్గినట్టు ఇంకో శబ్దం వస్తుంది, ఆ రెండోది గది మైకుల పని. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, డ్రమ్స్‌కి ఐదు మీటర్ల దూరంలో పెట్టిన మైకులోకి దెబ్బ దాదాపు 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, మన మెదడు ఆ కాస్త ఆలస్యాన్నే గది సైజుగా చదువుకుంటుంది. కొందరు ఇంజనీర్లు గది మైకుల ట్రాక్‌ని కావాలనే ఇంకో పది ఇరవై మిల్లీసెకన్లు వెనక్కి జరుపుతారు, గది ఇంకా పెద్దదిగా తోస్తుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో రివర్బ్ (గది మోత లాంటి ఎఫెక్ట్) వేసి కూడా చేయొచ్చు కదా అంటే చేయొచ్చు, చాలాసార్లు బాగానే ఉంటుంది కూడా, కానీ నిజం గదిలో స్నేర్ కొట్టినప్పుడు గిటార్ ఆంప్ ముందున్న మైకులోకి కూడా ఆ దెబ్బ కాస్త ఇంకుతుంది, సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లెం) మోత గొంతు మైకులోకి దూరుతుంది, ఇలా అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారుతూ ఉండడం వల్లే నలుగురూ ఒకే చోట ఉన్నారనే నమ్మకం వినేవాళ్లకి కలుగుతుంది. ఆ నమ్మకం కలిగిందంటే చిన్న చిన్న తప్పులు ఎవరూ పట్టించుకోరు.

గది తర్వాత చెప్పుకోవాల్సింది అడుగు భాగం, అంటే మంద్ర శబ్దాల గురించి, ఎందుకంటే ఎక్కువ ఇండీ రికార్డులు దెబ్బతినేది అక్కడే. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 41 హెర్ట్జ్, మామూలు గిటార్‌లో కింది తీగ 82 హెర్ట్జ్, కాలితో కొట్టే కిక్ డ్రమ్ బరువంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఈ ముగ్గురూ ఒకే చిన్న గదిలో కుర్చీ కోసం తోసుకుంటున్నట్టు తోసుకుంటే బురదలాంటి మిక్స్ వస్తుంది, ఎంత ఖరీదైన పరికరం పెట్టినా అది బాగుపడదు. మంచి ప్రొడక్షన్‌లో గిటార్ అడుగుభాగాన్ని కాస్త కోసేస్తారు, విడిగా వింటే ఆ గిటార్ పలచగా, బక్కగా వినిపిస్తుంది, బ్యాండ్‌తో కలిపి వింటే మాత్రం కొండలా ఉంటుంది. కానీ అంతకన్నా ముందు జరగాల్సింది వాయించేవాళ్ల తలలో జరగాలి, ఇద్దరు గిటారిస్టులు ఒకే కార్డ్‌ని ఒకే చోట పట్టుకుని వాయిస్తే మిక్సింగ్ ఇంజనీర్ చేయగలిగేది ఏమీ ఉండదు, ఒకరు పైకి జరగాలి లేదా ఊరుకోవాలి. ఊరుకోవడం అనేది రాక్ సంగీతంలో చాలా తక్కువ మందికి చేతనయ్యే విద్య. సౌండ్ క్లియర్‌గా ఉంది అని జనం మెచ్చుకునే ఆల్బమ్స్‌లో చాలావాటి రహస్యం మైకుల్లో లేదు, ఎవరు ఎక్కడ వాయించకుండా ఆగారో అందులో ఉంది.

గొంతు సంగతి కూడా ఇలాంటిదే. పాప్‌లో గొంతు అన్నిటికన్నా ముందు, మాట మాట అర్థమయ్యేలా ఉంటుంది, మన చెవికి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య సూటిగా తగులుతుంది కాబట్టి గొంతుకి ఆ చోటు ఖాళీ చేసి పెడతారు. ఇండీ రాక్‌లో చాలామంది ఆ చోటుని గిటార్‌కి ఇచ్చేసి గొంతుని ఒక మెట్టు కిందకి దించుతారు, లవ్‌లెస్‌లో అయితే గాయని బిలిండా బుచర్ గొంతు గిటార్ల మధ్య ఇంకో వాయిద్యంలా కలిసిపోయి ఉంటుంది, మాటలు సగమే అందుతాయి. మొదటిసారి విన్నవాళ్లకి ఇది లోపంలా అనిపిస్తుంది, పదిసార్లు విన్నాక ఆ అందని మాటల కోసమే మళ్లీ పెట్టుకుంటారు. చెవిని కాస్త ముందుకు వంగి వినేలా చేయడం అనేది ధైర్యంగా తీసుకునే నిర్ణయం, మార్కెట్ భయం ఉన్న చోట ఇది మొదటి మీటింగ్‌లోనే పోతుంది.

తర్వాత లౌడ్‌నెస్. సీడీల కాలంలో, ముఖ్యంగా 1990ల చివర్నుంచి, నా పాట నీ పాటకన్నా గట్టిగా వినపడాలి అనే పోటీలో మాస్టరింగ్ (ఆల్బమ్‌కి ఆఖరి మెరుగులు దిద్దే పని) దగ్గర అన్నిటినీ లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని పరికరంతో) పైకప్పుకి అదిమేశారు, దాంతో మెల్లగా ఉండాల్సిన చోటూ గట్టిగా ఉండాల్సిన చోటూ ఒకే ఎత్తులోకి వచ్చేశాయి. రాక్‌కి ఇది ఎంత నష్టమో చెప్పలేం, నెమ్మదిగా మొదలై పేలడం అనేదే దాని ప్రాణం కదా, పేలడానికి పైన చోటే లేకపోతే ఇంకేం పేలుతుంది. ఇప్పుడు స్ట్రీమింగ్ సర్వీసులు పాటలన్నిటినీ దాదాపు ఒకే లెవెల్‌కి తెచ్చి ప్లే చేస్తున్నాయి, స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర పెడుతుంది, అదిమి అదిమి గట్టిగా చేసిన ట్రాక్‌ని అది కిందకి దించేస్తుంది, దించాక ఆ ట్రాక్ ఊపిరాడనట్టు చప్పగా వినపడుతుంది. ఎత్తుపల్లాలు వదిలేసిన రికార్డ్ మాత్రం పక్కనే పెట్టినా నిటారుగా నిలబడుతుంది. అయినా ఇప్పటికీ చాలా బ్యాండ్స్ అదిమేస్తూనే ఉన్నాయి, అలవాటు అంత తొందరగా పోదు.

ప్రొడక్షన్ వల్ల నిజంగా ఎంత తేడా వస్తుంది అనేవాళ్లకి ఒక అరుదైన ఆధారం ఉంది. కార్ సీట్ హెడ్‌రెస్ట్ పేరుతో విల్ టొలీడో మొదట్లో ఒక్కడే ఆల్బమ్స్ చేసేవాడు, ఏకాంతం కోసం కారు వెనక సీట్లో కూర్చుని గొంతు రికార్డ్ చేసుకునేవాడు, ఆ పేరు అలాగే వచ్చింది. 2011లో ట్విన్ ఫాంటసీ అనే ఆల్బమ్‌ని అలా ఇంట్లోనే చేసి ఇంటర్నెట్‌లో పెట్టాడు, మాటాడార్ లేబుల్‌తో కలిశాక 2018లో అవే పాటలన్నీ పూర్తి బ్యాండ్‌తో మళ్లీ మొదటినుంచి రికార్డ్ చేసి తెచ్చాడు. అవే పాటలు, అదే మనిషి, మధ్యలో ఏడేళ్లు. కొత్తదాంట్లో డ్రమ్స్‌కి ఒళ్లు వచ్చింది, పొడవాటి పాటల్లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారే చోట మెట్లు ఎక్కుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, పాతదాంట్లో గోలలో మునిగిపోయిన మాటలు పైకి తేలాయి. కానీ పాతదాంట్లో తలుపేసుకుని ఎవరికీ వినపడకుండా పాడుతున్న కుర్రాడు ఉంటాడు, ఆ రహస్యం కొత్తదాంట్లో లేదు, దాని బదులు ఆ కుర్రాడిని గుర్తు చేసుకుంటున్న పెద్దవాడు ఉన్నాడు. ఏది గొప్ప అని అభిమానులు ఇప్పటికీ తెగ కొట్టుకుంటారు. ఎవరిది నెగ్గినా, సౌండ్ మారితే పాట చెప్పే విషయమే మారిపోతుందని ఈ రెండూ కలిసి చూపించేశాయి, కొత్తది బాగున్నది కూడా పాతదాన్ని నున్నగా చేసినందుకు కాదు, ఇప్పుడు ఈ పాట ఎవరి గొంతు అని మళ్లీ కొత్తగా ఆలోచించినందుకు.

ఇప్పుడు లాప్‌టాప్, మైకుని దానికి కలిపే ఒక ఇంటర్‌ఫేస్, రెండు మైకులు ఉంటే ఎవరైనా ఆల్బమ్ చేయొచ్చు, ఇది నిజంగా సంతోషించాల్సిన విషయం. బాన్ ఐవర్ మొదటి ఆల్బమ్‌లో చాలా భాగం 2006-07 చలికాలంలో విస్కాన్సిన్ అడవిలోని ఒక క్యాబిన్‌లో ఒంటరిగా, కొద్దిపాటి సామానుతోనే తయారైంది, ఒకే మనిషి తన గొంతుని తనమీదే పొరలు పొరలుగా పేర్చుకున్నాడు, అది రాక్ కన్నా ఫోక్‌కి దగ్గర అనుకోండి. కానీ కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది, ఎనిమిది ట్రాక్‌లే ఉన్నప్పుడు తొమ్మిదో గిటార్ కావాలంటే ముందువాటిలో రెండిటిని కలిపేసి చోటు చేయాలి, కలిపేశాక మళ్లీ విడదీయలేరు, అంటే నిర్ణయం అక్కడికక్కడే జరిగిపోవాలి. ఇప్పుడు ట్రాక్‌లకి లెక్కలేదు, ప్రతి టేక్‌నీ దాచుకోవచ్చు, ప్రతి దెబ్బనీ తాళం గీతల గ్రిడ్‌కి జరపొచ్చు, ప్రతి స్వరాన్నీ శ్రుతికి లాగొచ్చు. దాంతో చాలా హోమ్ రికార్డింగ్స్‌లో ఏదీ తప్పు ఉండదు, ఏదీ గుర్తూ ఉండదు. బాగా చేసేవాళ్లు ఈమధ్య తమకి తామే కంచె వేసుకుంటున్నారు, మూడు టేకుల్లో అయిపోవాలి, డ్రమ్స్‌కి నాలుగు మైకులే, ఆంప్ సౌండ్ ముందే తేల్చుకుని దాన్ని అలాగే రికార్డ్ చేయాలి, తర్వాత మార్చేది లేదు అని.

పాటల వరుస గురించి ఒక్క మాట. ఎల్‌పీలో (వినైల్ రికార్డులో) ఒక పక్క 20 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై సౌండ్ తగ్గించాల్సి వస్తుంది, అందుకే ఆల్బమ్ రెండు సగాలుగా ఆలోచించడం అలవాటైంది, ఆ అలవాటు ఇండీ బ్యాండ్స్‌లో ఇప్పటికీ ఉంది. బాగా పేర్చిన ఆల్బమ్‌లో రెండు పాటల మధ్య నిశ్శబ్దం కూడా లెక్కపెట్టి పెట్టిందే, ఒకచోట అర సెకను, ఇంకోచోట మూడు సెకన్లు, షఫుల్‌లో వింటే ఇవన్నీ పోతాయి.

సర్ఫర్ రోసాలో పాటల మధ్య స్టూడియోలో వాళ్లు మాట్లాడుకున్న మాటలు వదిలేశారు. చాలా రికార్డుల్లో ఆఖరి పాట అయిపోయాక ఆంప్ హమ్ ఇంకా నడుస్తూ ఉంటుంది, సింబల్ పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలరు, ఆగాక స్టూల్ కిర్రుమంటుంది, ఎవరో ఊపిరి వదులుతారు, అప్పుడు టేప్ ఆపుతారు.